ఆరువందలా, వెయ్యా: స్పోర్ట్స్ బైక్ కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

పన్నెండు పదమూడు లక్షలు చేతిలో పెట్టుకుని స్పోర్ట్స్ బైక్ కోసం బయల్దేరితే హైదరాబాద్‌లో రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, షోరూంకి వెళ్లి కొత్త మిడిల్‌వెయిట్ (600 సీసీ, ఆ చుట్టుపక్కలది) బుక్ చేసుకోవడం. రెండోది, ఎవరో నాలుగైదేళ్లు దగ్గర పెట్టుకుని, పట్టుమని పదివేల కిలోమీటర్లు కూడా తిప్పకుండా అమ్ముతున్న లీటర్ బైక్, అంటే వెయ్యి సీసీది, తెచ్చుకోవడం. మనసు రెండోదాని వైపే లాగుతుంది. దానికి తోడు ఎవరిని సలహా అడిగినా రెండు మాటల్లో ఒకటి వినిపిస్తుంది. "ఎలాగూ ఏడాది తిరక్కుండా లీటరే కావాలంటావు, ఆ ఖర్చేదో ఇప్పుడే పెట్టు" అని కొందరు, "ముందు 600 మీద నేర్చుకో, తర్వాత పైకి వెళ్దువుగాని" అని ఇంకొందరు.

రెండూ సగం జవాబులే. మొదటి మాట చెప్పేవాళ్లు రోడ్డు సంగతి వదిలేస్తున్నారు, రెండో మాట చెప్పేవాళ్లు 600 అంటే ఏ 600 అన్నది వదిలేస్తున్నారు. నా ఉద్దేశం ముందే చెప్పేస్తాను: మన రోడ్ల మీద నడిపే వాళ్లలో ఎక్కువమందికి మిడిల్‌వెయిటే సరైన బైక్. డబ్బు చాలక దాంతో సరిపెట్టుకోవడం గురించి కాదు నేను చెప్పేది, డబ్బున్నా సరే అదే తీసుకోమంటున్నాను. అదెందుకో అర్థం కావాలంటే సీసీ అంకెని కాసేపు పక్కన పెట్టి, ఏ వేగం దగ్గర, ఏ గేర్‌లో, ఎంతసేపు థ్రాటిల్ (యాక్సిలరేటర్) పూర్తిగా తిప్పగలుగుతాం అన్నది చూడాలి.

ముందు ఈ మిడిల్‌వెయిట్ అనే గుంపులో ఎవరెవరున్నారో తేల్చుకుందాం, సగం గందరగోళం ఇక్కడే ఉంది. కవాసాకి జెడ్‌ఎక్స్-6ఆర్ ఒక రకం. 636 సీసీ, నాలుగు సిలిండర్లు, 13,000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర సుమారు 125 హార్స్‌పవర్, బరువు 198 కిలోలు. యమహా ఆర్6, హోండా సీబీఆర్600ఆర్‌ఆర్ కూడా ఈ జాతివే. ఇవి రేసు కోసం పుట్టిన బండ్లు. 1999 నుంచి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌గా నడుస్తున్న సూపర్‌స్పోర్ట్ పోటీల్లో నాలుగు సిలిండర్ల బైక్‌కి 600 సీసీ హద్దు ఉండేది కాబట్టి, కంపెనీలన్నీ ఆ 600 లోంచే చివరి బొట్టు దాకా పిండాలని ఇంజిన్‌ని పైపైకి, ఇంకా పైకి తిరిగేలా తయారుచేశాయి. అందుకే వీటి బలమంతా పై ఆర్‌పీఎంలలో ఉంటుంది, కింద ఏడెనిమిది వేల దాకా మామూలు బండిలా ఉండి, ఆ పైన ఒక్కసారిగా వేరే బండి అయిపోతుంది.

రెండో రకం పూర్తిగా రోడ్డు కోసం చేసినవి. రెండు సిలిండర్ల నింజా 650, నాలుగు సిలిండర్ల సీబీఆర్650ఆర్, మూడు సిలిండర్ల ట్రయంఫ్ డేటోనా 660. మొదటిది 68, మిగతా రెండూ 95 హార్స్‌పవర్ దరిదాపుల్లో ఇస్తాయి. చూడ్డానికి ఫెయిరింగ్ (బండి ముందు, పక్కల ఉండే తొడుగు) అదే, కూర్చునే తీరూ కాస్త ముందుకే, కానీ ఇంజిన్ స్వభావం వేరు. మూడో రకం డుకాటి పానిగాలే వీ2, యమహా ఆర్9 లాంటివి, 800 నుంచి 950 సీసీ మధ్యవి. పాత 600లు యూరప్ కాలుష్య నిబంధనలకి తట్టుకోలేక తగ్గిపోవడంతో (ఆర్6 యూరప్ రోడ్ల నుంచి 2020తో తప్పుకుంది) 2022లో సూపర్‌స్పోర్ట్ రూల్సే మార్చి ఇలాంటి వాటిని లోపలికి రానిచ్చారు.

కాబట్టి "600 మీద నేర్చుకో" అని ఎవరైనా అన్నప్పుడు ఆ సలహా నింజా 650కి సరిపోతుంది, జెడ్‌ఎక్స్-6ఆర్‌కి సరిపోదు. 6ఆర్ మొదటి గేర్‌లోనే వంద దాటుతుంది. 150, 200 సీసీ బండ్ల మీద చేయి తిరిగిన కుర్రాడికి అది నేర్పే బండి కాదు, వాడి చేతిలో అదీ లీటర్ బైక్‌తో సమానమే.

లీటర్ క్లాస్ కథ కాస్త సూటిగా ఉంటుంది. 1992లో హోండా తరఫున తడావో బాబా బృందం 893 సీసీ ఫైర్‌బ్లేడ్‌ని చిన్న బైక్ బరువులో తెచ్చి అందరి లెక్కలూ మార్చింది. 1998లో యమహా ఆర్1, 2001లో సుజుకి జీఎస్‌ఎక్స్-ఆర్1000 వచ్చాయి. 2003లో వరల్డ్ సూపర్‌బైక్ పోటీలు నాలుగు సిలిండర్ల బైక్‌లకి కూడా వెయ్యి సీసీ దాకా అనుమతించడంతో, అంతవరకూ అక్కడ పోటీపడిన 750లు మెల్లగా మరుగున పడి వెయ్యే జెండా మోసే బండి అయింది. ఇవాళ జెడ్‌ఎక్స్-10ఆర్, బీఎండబ్ల్యూ ఎస్1000ఆర్‌ఆర్ రెండూ 200 హార్స్‌పవర్ దాటాయి, బరువు మాత్రం 200 కిలోల అటూ ఇటూనే. అదే సమయంలో బైక్ రేసుల్లో పైమెట్టైన మోటోజీపీ వాళ్లు 2027 నుంచి ఇంజిన్‌ని వెయ్యి నుంచి 850 సీసీకి తగ్గించుకుంటున్నారు. వేగం మరీ ఎక్కువైపోయిందని ప్రపంచంలోకెల్లా గొప్ప రైడర్ల విషయంలోనే అనుకుంటున్నప్పుడు మనం కాసేపు ఆగి ఆలోచించడంలో తప్పు లేదు.

ఇప్పుడు అసలు లెక్క. ఇది జాగ్రత్తగా చూడండి, ఎందుకంటే షోరూంలో గానీ వీడియోల్లో గానీ ఎవరూ ఇలా విడమరచి చెప్పరు.

స్పోర్ట్స్ బైక్ ఎంత గట్టిగా ముందుకు దూకగలదు అన్నదానికి ఒక హద్దు ఉంది, ఆ హద్దు ఇంజిన్‌ది కాదు. పొట్టి వీల్‌బేస్ (రెండు చక్రాల మధ్య దూరం), పైన కూర్చున్న మనిషి, వెనక చక్రం నుంచి తోపు. ఒక స్థాయి దాటితే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. మామూలు స్పోర్ట్స్ బైక్ మీద ఆ స్థాయి సుమారుగా ఒక జీ, అంటే ప్రతి సెకనుకీ గంటకి 35 కిలోమీటర్ల వేగం పెరగడం. అంతకంటే ఎక్కువ శక్తి ఉన్నా నేల మీద పెట్టడానికి వీల్లేదు. ఎలక్ట్రానిక్స్ కోసేస్తుంది, లేదా బండి లేచిపోతుంది.

జెడ్‌ఎక్స్-6ఆర్ మీద హెల్మెట్, జాకెట్‌తో కలిపి 80 కిలోల మనిషి కూర్చున్నాడనుకుందాం. మొత్తం 278 కిలోలు. చక్రం దగ్గరికి ఒక 115 హార్స్‌పవర్ చేరుతుందనుకుంటే, ఆ బలంతో ఒక జీ తోపు ఇవ్వగలిగేది గంటకి దాదాపు 110 కిలోమీటర్ల వేగం దాకా. అదే మనిషి జెడ్‌ఎక్స్-10ఆర్ మీద ఉంటే, చక్రం దగ్గర 180 హార్స్‌పవర్ అనుకుంటే, ఆ వేగం 170 దాకా వెళ్తుంది. గాలి నిరోధం కలపని కాగితం లెక్కే ఇది, ఇంజిన్‌ని సరైన ఆర్‌పీఎంలో ఉంచితేనే వర్తిస్తుంది, అయినా విషయం స్పష్టంగా తెలుస్తుంది. ఆగి ఉన్న బండి నుంచి 110 దాకా రెండు బైక్‌లకీ అడ్డుపడేది ఒకే గోడ, ముందు చక్రం. అందుకే సున్నా నుంచి వంద అనే అంకెలో రెండింటి మధ్యా తేడా అర సెకను అటూ ఇటూ మాత్రమే కనిపిస్తుంది. 110 నుంచి 170 మధ్యలో 6ఆర్ అలసిపోతూ ఉంటే 10ఆర్ అదే జోరుతో లాగుతూనే ఉంటుంది, ఆ పైన తేడా ఇంకా పెరుగుతుంది.

మరి మన హైవే మీద టూవీలర్‌కి చట్టం ఇచ్చిన వేగం ఎంత? 2018 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం నాలుగు లైన్ల రోడ్డు మీద గరిష్ఠంగా 80. అందరూ దాన్ని కచ్చితంగా పాటిస్తున్నారని నేను చెప్పడం లేదు. కానీ లీటర్ బైక్ కోసం అదనంగా పోసే లక్షలు కొనేదంతా 110కి అవతల ఉంది, ఆ అవతల మనకి రోడ్డు లేదు. వంద మీద సాఫీగా సాగడానికి ఏ స్పోర్ట్స్ బైక్‌కైనా పది పన్నెండు హార్స్‌పవర్ చాలు, లీటర్ బైక్‌లో మిగతా 190 ఖాళీగా కూర్చుంటాయి.

లీటర్ వైపు నుంచి న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. పై లెక్క థ్రాటిల్ పూర్తిగా తిప్పినప్పటిది, ఇంజిన్ అరుస్తున్నప్పటిది. రోజూ నడిపేది అలా కాదు. కర్నూలు వైపు నేషనల్ హైవే 44 మీద ఆరో గేర్‌లో సాగిపోతూ ఒక లారీని దాటాలనుకోండి. 10ఆర్ ఐదారు వేల ఆర్‌పీఎంలోనే, 6ఆర్ తన శిఖరం దగ్గర ఇచ్చే టార్క్‌కి (ఇంజిన్ తిప్పే బలానికి) దగ్గరగా ఇస్తుంది కాబట్టి గేర్ మార్చకుండా మణికట్టు కొంచెం తిప్పితే చాలు, లారీ వెనకపడుతుంది. 6ఆర్ మీద రెండు గేర్లు దించి, ఇంజిన్‌ని పైకి తెచ్చి, అప్పుడు దాటాలి. రోజంతా దూరం పోయేవాడికి ఇది చిన్న విషయం కాదు, లీటర్ బైక్ నడిపేవాళ్లు "ఎంత హాయిగా ఉంటుందో" అనేది ఈ సుఖం గురించే, వాళ్లు అబద్ధం చెప్పడం లేదు.

కానీ ఆ సుఖం కావాలంటే వెయ్యి సీసీ అక్కర్లేదు. డేటోనా 660 గరిష్ఠ టార్క్ 69 న్యూటన్ మీటర్లు 8,250 ఆర్‌పీఎం దగ్గరే వస్తుంది, అందులో 80 శాతం 3,125 దగ్గర నుంచే అందుబాటులో ఉంటుందని కంపెనీ చెబుతోంది. అంకె చూస్తే 6ఆర్‌ది కూడా దాదాపు అంతే, కాకపోతే అది పదివేలు దాటాకే చేతికందుతుంది. ఒకే టార్క్ అంకె, రెండు వేర్వేరు బండ్లు. రోడ్డు మీద దాటడానికి, ఘాట్‌లో హెయిర్‌పిన్ తిరిగి బయటికి రావడానికి, వెనక మనిషిని ఎక్కించుకోవడానికి డేటోనా తరహా ఇంజిన్ ఎంతో నయం. బ్రోచర్‌లో గరిష్ఠ టార్క్ ఎంత అని చూసి వదిలేయకుండా, అది ఏ ఆర్‌పీఎం దగ్గర వస్తుందో పక్కనే చూడండి.

సిటీలో లీటర్ బైక్‌కి ఇంకో తిప్పలుంది, అది గేరింగ్. మొదటి గేర్ 150 దాకా వెళ్లేలా పొడుగ్గా ఉంటుంది కాబట్టి గచ్చిబౌలి ఫ్లైఓవర్ కింద నడక వేగంతో పాకుతున్నప్పుడు క్లచ్ పూర్తిగా వదలలేరు. సగం పట్టుకుని వదులుతూ, పట్టుకుని వదులుతూ ఉండాలి. ఎడమ చేతి బొటనవేలి మొదట్లో నొప్పి మొదలవుతుంది, ఆ తర్వాత ఫ్యాన్ మొదలవుతుంది. మే నెలలో పంజగుట్ట సిగ్నల్ దగ్గర ఆ ఫ్యాన్ విసిరే వేడి గాలి నేరుగా తొడల మీదికి వస్తుంది, జీన్స్ ప్యాంటు వేసుకుంటే లోపల చర్మం చురచురలాడుతుంది. నాలుగు సిలిండర్ల మిడిల్‌వెయిట్ కూడా వేడెక్కుతుంది, అయితే అంత కాదు. రెండు సిలిండర్ల నింజా 650 ఈ విషయంలో అన్నిటికంటే మెరుగు.

బరువు దగ్గర చాలామంది పొరబడతారు. 6ఆర్ 198 కిలోలకీ 10ఆర్ 207 కిలోలకీ తేడా తొమ్మిదే కదా అంటారు. నిలబెట్టి తోస్తే నిజంగానే తెలీదు. తిప్పేటప్పుడు తెలుస్తుంది. ఇంజిన్ లోపల తిరిగే క్రాంక్ బరువు పెద్ద ఇంజిన్‌లో ఎక్కువ, తిరిగే వస్తువు తన దిశ మార్చుకోవడానికి ఇష్టపడదు. దానికి తోడు వెనక టైరు: సీబీఆర్650ఆర్, 6ఆర్‌లకి 180 సెక్షన్ (మిల్లీమీటర్ల వెడల్పు), లీటర్ వాటికి 190 లేదా 200. టైరు వెడల్పయ్యేకొద్దీ అదే మలుపుకి అదే వేగంలో బండిని ఇంకొంచెం ఎక్కువ వంచాలి. అనంతగిరి ఘాట్‌లో ఒక కుడి మలుపు అవ్వగానే ఎడమ మలుపు వచ్చే చోట ఈ తేడా చేతులకి అర్థమవుతుంది. మిడిల్‌వెయిట్‌ని చూపుతో తిప్పినట్టు ఉంటుంది, లీటర్ బైక్‌ని హ్యాండిల్ నొక్కి, మోకాలితో ట్యాంకు తోసి, ఒప్పించి తిప్పాలి. రెండు మలుపుల మధ్య చిన్న జాగాలో లీటర్ బైక్ థ్రాటిల్ కాస్త ఎక్కువ తెరిచారో, తర్వాతి మలుపుకి అవసరమైన దానికంటే ఇరవై ముప్పై ఎక్కువ వేగంతో చేరతారు, మళ్లీ గట్టి బ్రేక్. ఘాట్ రోడ్డు మీద మంచి రైడర్ మిడిల్‌వెయిట్‌తో లీటర్ బైక్‌ని వదలకుండా వెంటాడటం నేను చాలాసార్లు చూశాను, అందులో వింతేమీ లేదు.

"ఎలక్ట్రానిక్స్ ఉన్నాయి కదా, కాపాడతాయి" అనే మాటకి వద్దాం. నిజమే, వాటి మేలు చాలా ఉంది. 2015 ఆర్1తో మొదలై లీటర్ బైక్‌లన్నిటిలోకీ వచ్చిన ఐఎంయూ అనే సెన్సర్ బండి ఎంత వంగిందో, ముందుకి ఎంత ఒరిగిందో ప్రతి క్షణం కొలుస్తుంది. దాన్ని బట్టి వెనక చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్, వంగి ఉన్నప్పుడు కూడా పనిచేసే ఏబీఎస్, ముందు చక్రం లేవకుండా చూసే వీలీ కంట్రోల్ నడుస్తాయి. చిత్రమేమిటంటే ఈ విషయంలో లీటర్ బైకే మిడిల్‌వెయిట్ కన్నా మీదుంటుంది. 6ఆర్‌లో ట్రాక్షన్ కంట్రోల్, ఏబీఎస్ ఉన్నా ఐఎంయూ లేదు. అందుకని సేఫ్టీ కోసమే లీటర్ తీసుకుంటున్నానని ఎవరైనా అంటే ఆ వాదనలో కొంత నిజం ఉంది.

రెండు షరతులు మాత్రం గుర్తుంచుకోవాలి. ఒకటి, సెకండ్ హ్యాండ్ లీటర్ బైక్ 2015కి ముందుదైతే ఈ రక్షణ దానికి దాదాపుగా ఉండదు. చేతికి వచ్చేది పాత బండి 170, 180 హార్స్‌పవర్, దాన్ని పట్టుకోవాల్సింది చాలావరకు మీ మణికట్టే. రెండోది, సెన్సర్‌కి తెలిసేది టైరు ఏం చేస్తోందన్నదే. మలుపు అవతల రోడ్డు మీద పోసిన ఇసుక, రాంగ్ రూట్‌లో వచ్చే ఆటో, రంగు వెయ్యని స్పీడ్ బ్రేకర్, ఊరి దగ్గర రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, ఇవేవీ దానికి కనపడవు. వాటిని చూసి ఆగడానికి కావలసింది దూరం, దూరాన్ని మింగేసేది వేగం.

ఆ దూరం ఎంతో ఒకసారి లెక్కేద్దాం. ప్రమాదం చూసి బ్రేక్ మీద చేయి పడేసరికి ఒక సెకను పోతుందనుకుందాం, ఆ తర్వాత పొడి రోడ్డు మీద బాగా బ్రేక్ వేశాం అనుకుందాం. 80 మీద ఉంటే ఆగడానికి మొత్తం 54 మీటర్లు కావాలి. 150 మీద ఉంటే 153 మీటర్లు. వేగం రెట్టింపు కూడా కాలేదు, దూరం దాదాపు మూడు రెట్లైంది. లీటర్ బైక్ సరైన గేర్‌లో 80 నుంచి 150కి మూడు సెకన్ల లోపే చేరిపోతుంది, పెద్దగా ఊగకుండా, పెద్దగా అరవకుండా. మిడిల్‌వెయిట్ కూడా చేరుతుంది, కాకపోతే ఎక్కువసేపు పడుతుంది, ఇంజిన్ గోల పెడుతుంది, గేరు మార్చాలి, ఈలోపు మనిషికి తానేం చేస్తున్నాడో తెలుస్తుంది. నా దృష్టిలో రెండు క్లాసుల మధ్య అన్నిటికన్నా ముఖ్యమైన తేడా ఇదే. తప్పు చేసేది ఇద్దరూ, సరిదిద్దుకోవడానికి టైమ్ దొరికేది ఒకరికి.

హైదరాబాద్ వాళ్లకి 2011 సెప్టెంబర్ గుర్తుండే ఉంటుంది. అజారుద్దీన్ గారి 19 ఏళ్ల కొడుకు, వెనక కూర్చున్న బంధువుల అబ్బాయి, వెయ్యి సీసీ సుజుకి మీద వెళ్తూ ఔటర్ రింగ్ రోడ్డుపై పుప్పాలగూడ దగ్గర పడిపోయి ఇద్దరూ చనిపోయారు. ఆ ఇంటి బాధ మీద ఏ వ్యాఖ్యా చేయను. అయితే ఔటర్ మీద టూవీలర్లకి అనుమతి లేదన్న సంగతి ఇప్పటికీ చాలామంది పట్టించుకోరు. 158 కిలోమీటర్ల ఔటర్ మెయిన్ రోడ్డు బైక్‌లకి లేదు, మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వెళ్లే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే లేదు, 2023 ఆగస్టు నుంచి బెంగళూరు - మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే కూడా లేదు. లీటర్ బైక్‌కి తగిన రోడ్లు అని మనం చూపించుకునేవన్నీ బైక్‌లకి మూసేసిన రోడ్లే.

లైసెన్స్ విషయంలో మన దగ్గర ఉన్నంత వదులు చాలా దేశాల్లో చూడం. గేర్ ఉన్న బైక్ లైసెన్స్ ఒక్కటి ఉంటే 18 ఏళ్ల పిల్లాడు 100 సీసీ బండి మీద ఎనిమిది వేసి టెస్ట్ పాసై, అదే సాయంత్రం 200 హార్స్‌పవర్ బండి ఎక్కవచ్చు. యూరప్‌లో 18 ఏళ్లకి ఏ2 లైసెన్స్ ఇస్తారు, దాని మీద 35 కిలోవాట్లు, అంటే 47 హార్స్‌పవర్ దాటిన బండి నడపకూడదు, రెండేళ్లు గడిచాకే పెద్ద బైక్. సింగపూర్‌లో 200 సీసీ, 400 సీసీ, ఆపైన అని మూడు మెట్లు, మెట్టుకీ మెట్టుకీ మధ్య ఏడాది. ఇక్కడ ఆ మెట్లు ఎవరూ కట్టలేదు కాబట్టి మనమే కట్టుకోవాలి. అమెరికాలో చదువుకునే మన పిల్లలకి కూడా ఇదే చెప్తాను. అక్కడ చాలా రాష్ట్రాల్లో ఎం ఎండార్స్‌మెంట్ (లైసెన్స్‌పై బైక్ నడిపే అనుమతి) వచ్చాక సీసీ హద్దు ఉండదు, సెకండ్ హ్యాండ్ లీటర్ బైక్‌లు పాత కార్ల ధరకే దొరుకుతాయి. బండి నచ్చగానే డబ్బు కట్టేయకుండా ముందు ఇన్సూరెన్స్ కోట్ తీసుకోండి, 600కీ వెయ్యికీ విడివిడిగా. అక్కడి ఐఐహెచ్‌ఎస్ అనే రోడ్డు భద్రతా సంస్థ 2007లో, రిజిస్టరైన బండ్ల సంఖ్యతో పోల్చి చూస్తే సూపర్‌స్పోర్ట్ బైక్‌ల మీద చనిపోయే రైడర్లు క్రూజర్, మామూలు బైక్‌ల కంటే దాదాపు నాలుగు రెట్లని తేల్చింది. అందులో 600లూ ఉన్నాయి, వెయ్యిలూ ఉన్నాయి. ఇన్సూరెన్స్ కంపెనీకి మీ మీద కోపం లేదు, వాళ్ల దగ్గర ఆ లెక్క ఉంది.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. 6ఆర్ 2024 జనవరిలో 11.09 లక్షలకి, డేటోనా 660 అదే ఏడాది ఆగస్టులో 9.72 లక్షలకి, సీబీఆర్650ఆర్ 2025 జనవరిలో 9.99 లక్షలకి వచ్చాయి, అన్నీ ఎక్స్ షోరూం. లీటర్ బైక్ 2024లో పదహారు పదిహేడు దగ్గర మొదలై బీఎండబ్ల్యూ దగ్గరికి వచ్చేసరికి ఇరవై దాటేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ పైన జీఎస్టీ 40 శాతం అయింది, అంతకు ముందు సెస్‌తో కలిపి 31 ఉండేది. లైఫ్ ట్యాక్స్ కూడా ధరలో శాతమే కాబట్టి పైధర పెరిగినకొద్దీ అదీ పెరుగుతుంది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌లో మాత్రం తేడా లేదు, 350 సీసీ దాటిన అన్నిటికీ ఒకటే రేటు, 2022లో నిర్ణయించిన ప్రకారం ఏడాదికి 2,804 రూపాయలు. తేడా వచ్చేది ఓన్ డ్యామేజ్‌లో (మన బండి నష్టానికి కట్టే ఇన్సూరెన్స్‌లో), టైర్లలో, పడినప్పుడు ఫెయిరింగ్‌లో. పార్కింగ్‌లో స్టాండ్ జారి ఒరిగిపోయిన లీటర్ బైక్‌కి ఒక పక్క ఫెయిరింగ్, అద్దం, లీవర్ మార్చడానికయ్యే డబ్బుతో ఒక మామూలు స్కూటర్ కొనుక్కోవచ్చు. నా సలహా ఒక్కటే, మిడిల్‌వెయిట్ తీసుకుని మిగిలిన దాంట్లో మంచి హెల్మెట్, లెదర్ సూట్, బూట్లు, ఒక ట్రాక్ ట్రైనింగ్ కలిపి కొనుక్కోండి. ఆ ట్రైనింగ్‌లో నేర్చుకున్న బ్రేకింగ్ తర్వాత ఏ బండి మీదికైనా మీతో వస్తుంది.

ఇంతా చెప్పాక, లీటర్ బైక్ ఎవరికి? ట్రాక్‌కి క్రమం తప్పకుండా వెళ్లేవాడికి. మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ 3.717 కిలోమీటర్లు, గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్ 5.125, బుద్ధ్‌లో కిలోమీటరు పైగా వెనక స్ట్రెయిట్ ఉంది, అక్కడ 10ఆర్ తన పని తాను చేసి చూపిస్తుంది. కోయంబత్తూరు కారీ లాంటి 2.1 కిలోమీటర్ల చిన్న ట్రాక్ మీదైతే అక్కడ కూడా మిడిల్‌వెయిట్ ఎక్కువ నేర్పుతుంది, ఎందుకంటే థ్రాటిల్ పూర్తిగా తెరిచి, గేర్లు వాడుకుంటూ, మలుపులో వేగం నిలబెట్టుకోవడం అలవాటవుతుంది. లీటర్ మీద నేర్చుకున్నవాళ్లలో చాలామంది మలుపు దగ్గర ముందే బ్రేక్ వేసి, మెల్లగా తిరిగి, బయటికొచ్చాక ఇంజిన్ బలంతో పోయింది రాబట్టుకుంటారు. ల్యాప్ టైమ్ బాగానే వస్తుంది, రైడింగ్ మాత్రం అక్కడే ఆగిపోతుంది. మిడిల్‌వెయిట్ మీద మూడు నాలుగేళ్లు నడిపి, స్ట్రెయిట్ చివర ఇంకా థ్రాటిల్ ఉంటే బాగుండు అని ట్రాక్ మీద నిజంగా అనిపించినవాడు, పొడవు పొడవు ప్రయాణాల్లో గేర్ మార్చకుండా సాగే ఆ సుఖం కావాలనుకుని రెండు చేతుల మీదా అదుపు ఉన్నవాడు లీటర్ తీసుకుంటే నేను సంతోషంగా వెంట వెళ్లి డెలివరీ తీసుకొస్తాను. అది మనిషి చేసిన గొప్ప యంత్రాల్లో ఒకటి, దాన్ని ఇష్టపడటంలో తప్పేమీ లేదు.

మీరు ఏ గుంపులో ఉన్నారో తేల్చుకోవడానికి ఇప్పుడు నడుపుతున్న బండి దగ్గరికి వెళ్లి వెనక టైరు పక్కన గొంతుకూర్చుని చూడండి. మధ్యలో పట్టీ చదునుగా అరిగిపోయి, అంచుల్లో రెండు పక్కలా బొటనవేలంత వెడల్పున కొత్త రబ్బరు నిగనిగలాడుతూ, తయారీలో మిగిలిన చిన్న వెంట్రుకల్లాంటి రబ్బరు మొలకలు కూడా ఊడకుండా ఉన్నాయంటే మీ రైడింగ్ అంతా సూటి రోడ్డు మీదే జరుగుతోంది. అప్పుడు మీకు కావలసింది టార్క్, సుఖం, గాలి తగలకుండా ఒక ఫెయిరింగ్, అవి 650, 660లో దొరుకుతాయి. అంచుల దాకా సమంగా అరిగితే ట్రాక్ వైపు, 6ఆర్ వైపు ఆలోచించండి. సెకండ్ హ్యాండ్ లీటర్ బైక్ చూడ్డానికి వెళ్లినప్పుడు కూడా మొదట అదే టైరు చూడండి, తర్వాత దాని పక్కన నాలుగంకెల తయారీ తేదీ చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం అని అర్థం. తక్కువ కిలోమీటర్లు తిరిగిన బండి అని మురిసిపోయేలోపు ఆ రబ్బరు ఆరేళ్లు దాటినది అని తెలిస్తే, కొత్త జత టైర్లకి పదుల వేలు పక్కన పెట్టుకుని అప్పుడు బేరం మొదలుపెట్టండి. ఆ తర్వాత హ్యాండిల్ అటూ ఇటూ పూర్తిగా తిప్పి స్టాపర్ల మీద గుద్దుకున్న గుర్తులున్నాయేమో, క్లిప్-ఆన్ (హ్యాండిల్ పిడి) చివర్లు, ఫుట్ పెగ్ కొసలు రాసుకుపోయాయేమో చూసి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కి ఫ్యాన్ తిరిగేదాకా స్టార్ట్‌లోనే ఉంచమని అడగండి. అమ్మేవాడు వద్దంటే ఆ బండి వదిలేయండి.